పట్టుకున్న బాణాసంచాను ఏం చేయాలి? దాడి రోజు నుంచి బూడిద ఎత్తే దాకా

దీపావళికి నెల ముందు నుంచే శివకాశి సరుకు తడ, నాయుడుపేట దాటి నెల్లూరు వైపు వస్తుంది. లైసెన్సు ఉన్న వ్యాపారికి బిల్లుతో వచ్చేది సరే. బిల్లు లేనిది, లైసెన్సు లేనిది ఏ కిరాణా కొట్టు వెనక గదిలోనో, మూతపడ్డ మిల్లు గోదాములోనో దొరుకుతుంది. తిరునాళ్ల కోసం ఊళ్లోనే చుట్టిన నాటు ఔట్ల సంగతి వేరే. దాడి జరుగుతుంది, పెట్టెలు పేర్చి ఫొటో తీస్తారు, మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఆ తర్వాత ఆ పెట్టెలు ఎక్కడున్నాయో ఎవరూ అడగరు. ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

మండల స్థాయిలో ఈ పని నెత్తిన పడే ఎస్సైలు, స్టేషన్ రైటర్లు, తహసీల్దార్లు, వీఆర్వోలు, ఫైర్ స్టేషన్ సిబ్బంది కోసం ఇది రాస్తున్నాను. సరుకును స్వయంగా తగలబెట్టడం మీ పని కాదు. ఆ పని బాంబ్ స్క్వాడ్‌ది, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో అధికారులది. వాళ్లు వచ్చేదాకా సరుకును ఎవరికీ హాని జరగకుండా ఉంచడం, వాళ్లను త్వరగా రప్పించడం, వచ్చిన రోజు స్థలం, నీళ్లు, మనుషులు, కాగితాలు సిద్ధంగా ఉంచడం మీ పని. నాశనం చేయించే ప్రయత్నం దాడి జరిగిన రోజే మొదలుపెట్టండి. నిప్పు పెట్టే విషయంలో మాత్రం ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి.

దాడి జరిగిన చోట

గదిలోకి వెళ్లగానే లైటు స్విచ్ వేయకండి. లోపల మందు పొడి రాలి ఉంటే స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. తలుపులు, కిటికీలు తెరిచి పగటి వెలుగులో పని చేయండి. రాత్రి అయితే గదికి కాపలా పెట్టి తెల్లవారాక మొదలుపెట్టండి. లోపలికి ఇద్దరు ముగ్గురికి మించి వెళ్లనవసరం లేదు. మధ్యవర్తులుగా పిలిచిన వీఆర్వో గారినీ, ఊరి పెద్దమనిషినీ గుమ్మం బయట దూరంగా నిలబెట్టండి. వాళ్లు చూడాల్సింది లెక్కను. ప్రతి పెట్టెనూ చేత్తో ముట్టుకోనవసరం లేదు.

బట్టల విషయం చాలామంది పట్టించుకోరు. టెర్రికాటన్ యూనిఫారంలో పాలిస్టర్ ఉంటుంది, నైలాన్ జాకెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గాలి పొడిగా ఉన్న రోజున వాటి రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. పెట్టెలు ముట్టుకునేవాళ్లు నూలు బట్టలు వేసుకోవాలి. ఇనుప మేకులున్న బూట్లు వద్దు. లోపలికి వెళ్లే ముందు లైటర్, అగ్గిపెట్టె, సిగరెట్, ఫోన్ బయట ఒక పళ్లెంలో పెట్టించండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి. ఫోన్ లేకుండా వీడియో ఎలా? గుమ్మం బయట, పెట్టెలకు దూరంగా నిలబడి ఒక్కరే తీయాలి. పెట్టెలు ఒక్కొక్కటిగా బయటికి వస్తుంటే ఆ వరసలోనే తీయండి. రాలిన మందు పైకి ఫోన్ వంచి దగ్గరి షాట్ తీయాలన్న ఆరాటం వద్దు. ఫ్లాష్ వాడకండి.

పెట్టెలు ఈడ్చకండి, విసరకండి, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి గాల్లో అందించకండి. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే బండి గుంతలో పడ్డ కుదుపుకే అవి పేలి మనిషి చనిపోయాడు. ఉల్లిపాయ బాంబుకు నిప్పు అవసరం లేదు, దెబ్బ చాలు. మీ ముందున్న పెట్టెల్లో అవి ఉన్నాయో లేవో తెలిసేదాకా అన్నీ అవే అనుకుని పని చేయండి.

మూడు కుప్పలు

సరుకును మూడు రకాలుగా విడదీయండి, పెట్టెలు తెరవకుండానే.

మొదటిది, కంపెనీ పేరు, లేబుల్ ఉన్న సీలు పెట్టెలు. లైసెన్సు లేకుండా అమ్ముతున్నందుకు పట్టుకున్నా, ఈ సరుకు ఎలా ప్రవర్తిస్తుందో కొంత అంచనాకు వస్తుంది. లేబుల్ మీద ఉన్నదంతా రాసుకోండి. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బేరియం లవణాలున్న బాణాసంచా, థౌజండ్ వాలా లాంటి సరాలు నిషేధంలోకి వెళ్లాయి. గ్రీన్ క్రాకర్స్ అని రాసి ఉంటే పెట్టె మీద క్యూఆర్ కోడ్ ఉందా లేదా అన్నది కూడా నమోదు చేయండి. చైనా అక్షరాలున్న పెట్టెలు దొరికితే వాటిని ఈ కుప్పలో కలపకండి. వాటిలో క్లోరేట్, గంధకం కలిసి ఉండొచ్చు. ఆ మిశ్రమం రాపిడికి తేలిగ్గా అంటుకుంటుంది, ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే వేడెక్కుతుంది. మన దేశంలో దాన్ని 1992లోనే నిషేధించారు.

రెండోది, నాటు సరుకు. తాటాకు టపాకాయలు, చేత్తో చుట్టిన ఔట్లు, కాగితం సంచుల్లో కట్టిన చిచ్చుబుడ్ల మందు, లేబుల్ లేని తారాజువ్వలు. ఇందులో ఎవరు ఏం కలిపారో కట్టినవాడికే తెలుసు. నిందితుడు దొరికి ఉంటే ఏం మందు వాడాడో ఆ రోజే అడిగి రాసుకోండి. నాశనం చేయడానికి వచ్చే నిపుణుడికి మీ పంచనామా అంతటికన్నా ఆ సమాధానం ఎక్కువ పనికొస్తుంది.

మూడోది, తడిసినవి, ఉబ్బినవి, చిరిగినవి, మందు కారుతున్నవి, ఏంటో తెలియనివి. వీటిని కదపకండి. మనుషులను ఖాళీ చేయించి, గదికి కాపలా పెట్టి, ఎస్పీ ఆఫీసు ద్వారా బాంబ్ స్క్వాడ్‌ను పిలిపించండి. ఫైర్ స్టేషన్‌కు 101 చేసి ఇంజన్‌ను దగ్గర్లో నిలబెట్టండి.

తడి సరుకు గురించి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే మన తీరానికి ఇది ప్రత్యేకమైన సమస్య. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా దీపావళి రోజుల్లోనే పడతాయి. కారే గోదాములో దొరికిన సరుకు తడిసే ఉంటుంది. తడిసింది కదా, ఇక పేలదులే అని అందరూ ధీమాగా ఉంటారు. అది తప్పు. మతాబులు, చిచ్చుబుడ్లలో మెరుపు కోసం వేసే అల్యూమినియం పొడి తడిస్తే నెమ్మదిగా వేడెక్కుతుంది, హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఆ తడి సరుకును మూత బిగించిన డబ్బాలో పెడితే మీరే ఒక బాంబు తయారు చేసినట్టు. ఎండలో ఆరబెడితే ఇంకా ప్రమాదం. తడిసి ఆరిన మందు పొరలు పొరలుగా విడిపోయి, ముందుకన్నా తేలిగ్గా అంటుకునే స్థితికి రావచ్చు. తడిది తడిగానే, ఉన్న చోటే గాలి ఆడేలా ఉంచి, మిగతా సరుకును దానికి దూరంగా తీసి, నిపుణుడికి ముందుగా చూపించండి.

బరువును కంటితో అంచనా వేయకండి

2021 జూన్ 30న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు ఒక ఇంట్లో భారీగా అక్రమ బాణాసంచా పట్టుకున్నారు. అందులో నాటుగా చేసిన కొన్నింటిని తరలించడం ప్రమాదమని, పేలుడును తట్టుకునే ఉక్కు పాత్ర ఉన్న ట్రక్కులో పెట్టి ఆ వీధిలోనే పేల్చేశారు. ట్రక్కే ముక్కలైపోయింది. 17 మంది గాయపడ్డారు, చుట్టుపక్కల ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ పాత్ర ఎంత బరువును తట్టుకుంటుందో వాళ్లకు తెలుసు. కానీ లోపల పెట్టే మందును కాటా వేయకుండా కంటితో అంచనా వేశారు. అసలు బరువు వాళ్ల అంచనాకు రెట్టింపు పైనే ఉందని తర్వాత తేలింది. శిక్షణ, పరికరాలు అన్నీ ఉన్న బృందానికే అలా జరిగింది.

కాబట్టి కాటా తెప్పించండి. కరెంటుతో నడిచేదైతే గది బయట పెట్టండి. మామూలు తక్కెడ కాటా అయినా చాలు. మూడో కుప్ప తప్ప ప్రతి పెట్టెనూ తెరవకుండా తూకం వేసి, నంబరు వేసి, రకం రాసి, రిజిస్టరులో ఎక్కించండి. అది మొత్తం బరువు. అట్ట, మట్టి, కాగితం కూడా అందులో ఉంటాయి. లోపల మందు ఎంత అన్నది నిపుణుడు లెక్క కడతాడు, మీరు విప్పి చూడక్కర్లేదు. 'సుమారు 20 పెట్టెలు' అని రాయకండి. ఈ లెక్కే కోర్టులో నిలబడుతుంది, తరలించే బండిని నిర్ణయిస్తుంది, ఒక్కో విడతలో ఎంత కాల్చాలో చెబుతుంది.

ఈ లెక్క వల్ల ఇంకో మేలు ఉంది. పట్టుకున్న సరుకులోంచి పిల్లలకని నాలుగు పెట్టెలు ఇంటికి పోవడం ఎక్కడా జరగదని నేను అనలేను. ఏం కలిపారో తెలియని మందును మన పిల్లల చేతుల్లో పెట్టడం అది. నంబరు, బరువు, సీలు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పెట్టెల మీద సంతకాలు మీవే కాక మధ్యవర్తులవి కూడా ఉండాలి.

స్టేషన్‌లో మాత్రం కాదు

2025 నవంబరు 14న శ్రీనగర్ దగ్గరి నౌగామ్ పోలీస్ స్టేషన్‌లో పేలుడు జరిగి 9 మంది చనిపోయారు. అక్కడున్నది బాణాసంచా కాదు, ఒక కేసులో పట్టుకుని తెచ్చిపెట్టిన పేలుడు పదార్థాలు. వాటి నుంచి శాంపిళ్లు తీస్తున్నప్పుడు జరిగింది. పోయినవాళ్లలో పోలీసులు, ఫోరెన్సిక్ సిబ్బందితో పాటు రెవెన్యూ నుంచి వచ్చిన నాయబ్ తహసీల్దార్ ఉన్నారు, కుట్టు పని కోసం పిలిపించిన దర్జీ ఉన్నాడు. మధ్యవర్తిగా పిలిస్తే వెళ్లి నిలబడే మన వీఆర్వోలను తలుచుకుంటే నాకు ఆ వార్త ఇప్పటికీ మనసులోంచి పోదు.

పోలీస్ స్టేషన్‌లో వైర్‌లెస్ సెట్ ఉంటుంది, లాకప్‌లో మనుషులు ఉంటారు, ఆవరణలో పెట్రోలుతో నిండిన పాత బైకులు ఉంటాయి, అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు వరండాలో కూర్చుంటారు. మెట్ల కింద గది ఎంత గట్టిదైతే అంత ప్రమాదం, ఎందుకంటే బందోబస్తుగా మూసిన చోట అంటుకున్న మందు మంటగా ఆగదు, పేలుడవుతుంది.

మరి ఎక్కడ? మొదటి ఎంపిక, జిల్లాలో పెసో లైసెన్సు ఉన్న బాణాసంచా గోదాము. యజమానికి కలెక్టర్ ఆఫీసు ద్వారా రాతపూర్వక ఆదేశం ఇప్పించి, అతని సరుకుతో కలవకుండా వేరే గదిలో, మీ సీలుతో ఉంచాలి. అతని లైసెన్సు పరిమితి దాటకుండా చూసుకోవాలి. మొదటి కుప్పకు ఇది బాగా కుదురుతుంది. నాటు సరుకును మాత్రం ఏ యజమానీ తీసుకోడు, తీసుకోకూడదు కూడా.

ప్రకాశం జిల్లాలో ఇంకో ఆలోచన వస్తుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలకు పేలుడు పదార్థాలు నిల్వ చేసే గదులు, అంటే మ్యాగజైన్లు ఉంటాయి కదా, అందులో పెట్టేస్తే పోలా అని. పెట్టకండి. క్వారీ పేలుడు పదార్థాలు, డిటొనేటర్లు, బాణాసంచా ఒకే చోట ఉండకూడని జాతులు. ఒకటి అంటుకుంటే మిగతావాటిని కూడా లేపుతుంది. ఖాళీగా ఉన్న మ్యాగజైన్ దొరికితే, పెసో అధికారి అనుమతిస్తే అప్పుడు వేరు.

రెండూ కుదరకపోతే ఊరికి దూరంగా, కరెంటు లేని, గాలి ఆడే, ఒంటరి ప్రభుత్వ కట్టడం ఎంచుకోండి. రేకుల షెడ్డు వద్దు, రేకు కింద వేడి బయటికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. బడి పక్కన, పొగాకు బ్యారన్ పక్కన, వరిగడ్డి వాముల పక్కన, జామాయిల్ తోటలో వద్దు. నేల మీద చెక్క పలకలు వేసి పెట్టెలు ఎత్తుగా ఉంచండి, గోడకు ఆనించకండి, తక్కువ ఎత్తులో పేర్చండి. మూడు కుప్పలూ ఒకే గదిలో కలపకండి. బయట పొడి ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ములు, రాత్రింబవళ్లు కాపలా ఉండాలి. కాపలా మనిషి బీడీ తాగకూడదన్న సంగతి మాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.

కోర్టు కాగితం అదే వారంలో

లైసెన్సు లేకుండా ఉంచినా, అమ్మినా 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం 9బి సెక్షన్ వర్తిస్తుంది. నిర్లక్ష్యంతో మనుషుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 288వ సెక్షన్ కూడా వస్తుంది. నాటు బాంబుల దాకా వెళ్తే 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టాన్సెస్ చట్టం. దాని కింద విచారణకు జిల్లా మెజిస్ట్రేట్ సమ్మతి కావాలి కాబట్టి కలెక్టరేట్‌లో ఆ ఫైలు ముందే కదిలించండి.

సరుకు సాక్ష్యం కదా, కేసు తేలేదాకా ఉంచాలి అనే భయంతోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ భయం అవసరం లేదు. నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. సరుకు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో దాని వివరణ పత్రం తయారు చేయించి, ఫొటోలు, అవసరమైతే వీడియో తీయించాలి. ఆ పత్రం, ఆ ఫొటోలే తర్వాత విచారణలో సాక్ష్యంగా చెల్లుతాయి. పత్రం తయారైన 30 రోజుల్లోగా ఆ వస్తువును నాశనం చేయాలా, ఇంకేం చేయాలా అన్నది కోర్టు ఆదేశిస్తుంది. ఇది బాణాసంచా కాబట్టి ఆటోలో వేసుకుని కోర్టు మెట్లెక్కించకండి. వస్తువును హాజరుపరచకుండా నివేదించే వీలు 503వ సెక్షన్‌లో ఉంది. సరుకు ప్రమాదకరమని, ఎక్కడ ఉంచారో, ఎంత ఉందో, ఏ స్థితిలో ఉందో అర్జీలో స్పష్టంగా రాసి, వీలైతే బాంబ్ స్క్వాడ్ లేదా పెసో అధికారి అభిప్రాయం జతచేసి అడగండి. తడి సరుకు ఉంటే మొదటి పేరాలోనే చెప్పండి.

శాంపిళ్ల విషయంలో ఫోరెన్సిక్ ల్యాబ్‌ను (ఎఫ్‌ఎస్‌ఎల్) ముందే అడిగి, ఎంత కావాలో అంతే, నిపుణుడి చేతనే తీయించండి. స్టేషన్ రైటర్ చాకుతో టపాకాయ కోసి మందు తీయడం జరగకూడదు. శాంపిల్‌ను మామూలు పార్సిల్‌లోనో, ఆర్టీసీ కార్గోలోనో పంపకూడదు.

స్థలం, రోజు

ఈ రెండింటి మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు.

ముందు వద్దనుకోవాల్సినవి చెబుతాను. పెన్నా ఇసుక తిన్నెలు ఖాళీగా కనిపిస్తాయి, జనం ఉండరు, మెత్తటి నేల. కానీ ఆ ఇసుకలోంచే ఎన్నో ఊళ్లు తాగునీళ్లు తోడుకుంటున్నాయి. పచ్చ రంగు మంట కోసం వాడే బేరియం నైట్రేట్ నీళ్లలో కరుగుతుంది, అది విషం. పెర్‌క్లోరేట్ కూడా కరిగి భూగర్భజలంలోకి పోతుంది. అదే కారణంతో బకింగ్‌హామ్ కాలువలో, చెరువులో, పాడుబడ్డ క్వారీ గుంటలోని నీళ్లలో పడేయకండి. తీరం వెంబడి రొయ్యల చెరువులు ఆ కాలువల నీళ్ల మీదే బతుకుతున్నాయి. కనిగిరి, పొదిలి వైపు ఇప్పటికే ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడుతున్నవాళ్ల బోర్లలోకి ఇంకో విషం పంపకూడదు. గొయ్యి తీసి అలాగే పూడ్చేయడం అన్నింటికన్నా చెడ్డ పని. రేపు ఎవరో ప్లాటు వేసి జేసీబీతో తవ్వుతారు.

కావాల్సింది ఊళ్లకు, రోడ్డుకు, కరెంటు తీగలకు, బావులకు, తోటలకు దూరంగా ఉన్న గట్టి నేల. సరుగుడు తోటలు, తాటి తోపులు దగ్గర్లో ఉంటే వద్దు, తారాజువ్వ ఎటు పోతుందో చెప్పలేం. పోలీసు ఫైరింగ్ రేంజ్ అందుబాటులో ఉంటే తరచూ అదే మంచిది. ఎంత దూరం అన్నది సరుకు రకం, బరువు చూసి నిపుణుడు చెబుతాడు. పండగ సమయంలో పెట్టే తాత్కాలిక బాణాసంచా దుకాణాలకే చుట్టూ 50 మీటర్ల దూరం ఉండాలని 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ నిబంధనలు చెబుతున్నాయి. నాశనం చేసే చోటికి అంతకన్నా ఎంతో ఎక్కువ కావాలని మీరే ఊహించవచ్చు. తహసీల్దార్ గారు స్థలాన్ని సర్వే నంబరుతో గుర్తించి, పంచాయతీకి, పశువులు మేపుకునేవాళ్లకు ముందురోజే టముకు వేయించాలి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ముందే రాసి వాళ్ల సూచనలు తీసుకోండి.

రోజు సంగతి. అక్టోబరులో పట్టుకుంటే డిసెంబరు దాకా వానలు, తుపాన్ల భయం. మార్చి దాటితే ఎండలు, మే నెలలో 40 డిగ్రీలు దాటే వేడి. వాన తెరిపి ఇచ్చిన రోజు నిపుణుడు సరేనంటే నవంబరులోనే చేయించండి. లేదంటే సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరిలోపు. అంతకు మించి వేసవిలోకి జరగనీయకండి. తీరానికి దగ్గరైతే మధ్యాహ్నానికల్లా సముద్రగాలి లేచి దిశ మారుతుంది కాబట్టి మంచు విడిపోయాక ఉదయం మొదలుపెట్టి, గాలి మారకముందే ఆ రోజు పని ముగించండి. మిగిలితే మర్నాడు. ఈదురుగాలి ఉన్నా, ఉరుములు వినిపించినా ఆ రోజు వద్దు.

తరలింపు

స్టేషన్ జీపు, ఆటో, ట్రాక్టర్ ట్రాలీ కాదు. పేలుడు పదార్థాలు మోయడానికి అనుమతి ఉన్న మూసిన వ్యాను, లేదా బాంబ్ స్క్వాడ్ చెప్పిన బండి. డ్రైవరు, ఒక ఎస్కార్ట్ తప్ప అందులో ఎవరూ ఎక్కకూడదు. ముందు పైలట్, వెనక కొంత ఎడంగా ఫైర్ ఇంజన్. వెంకటాచలం, టంగుటూరు టోల్ ప్లాజాల క్యూలో ఆ బండి నిలబడకూడదు, టోల్ సిబ్బందికి ముందే చెప్పి దారి ఖాళీ చేయించండి. బస్టాండు, బజారు, బడి వదిలే సమయం తప్పించండి. పెట్రోలు బంకులో ఆగొద్దు. గుంతలు లేని దారి దూరమైనా అదే మంచిది. నాటు సరుకును కంపెనీ సరుకుతో ఒకే బండిలో ఎక్కించకండి, మూడో కుప్పను బాంబ్ స్క్వాడ్ చేతుల మీదుగా తప్ప కదపకండి.

నాశనం చేసే రోజు

2011 ఏప్రిల్ 8న హవాయి దీవుల్లోని వైకెలెలో జరిగింది ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ప్రభుత్వం పట్టుకున్న అక్రమ బాణాసంచాను నాశనం చేసే కాంట్రాక్టు ఒక సంస్థకు దక్కింది. డీజిల్‌లో నానబెట్టి కాలిస్తే సరిగ్గా కాలడం లేదని, వాళ్లు టపాకాయల్ని విప్పి లోపలి మందును వేరు చేయడం మొదలుపెట్టారు. అలా విప్పిన మందు, గుండ్లు నిల్వ గదిలో పోగుపడ్డాయి. ఆ రోజు వాన వస్తే పనివాళ్లు ఆ గదిలోకే వెళ్లారు. పేలుడు జరిగి ఐదుగురు చనిపోయారు. పని త్వరగా అవ్వాలని, బాగా కాలాలని చేసిన మార్పే వాళ్ల ప్రాణం తీసింది.

అందుకే ఏ కారణంతోనూ ఒక్క టపాకాయను కూడా విప్పకూడదు, కోయకూడదు, మందు కుప్ప పోయకూడదు. తర్వాతిది, పని విధానాన్ని మధ్యలో మార్చకూడదు. అనుకున్నట్టు కాలకపోతే పని ఆపి, నిపుణుడితో మళ్లీ మాట్లాడి, అవసరమైతే ఇంకో రోజు పెట్టుకోవాలి. కలెక్టర్ గారు చూడడానికి వస్తున్నారు, విలేకరులు ఎదురు చూస్తున్నారు అన్నవి పని వేగం పెంచడానికి కారణాలు కావు.

నిప్పు పెట్టే పద్ధతి నిపుణుడిది. మీ సిబ్బంది అర్థం చేసుకోవాల్సింది ఇంతే. ఒక్కో విడతలో కొద్ది సరుకే వెళ్తుంది. మిగతాదంతా గాలి వచ్చే వైపు, దూరంగా, కప్పి ఉండాలి. ఎగిరే రకాలకు పైన ఇనుప జాలి ఉండాలి. మూత ఉన్న డ్రమ్ములో, బిగించిన పెట్టెలో ఎప్పుడూ కాల్చకూడదు. ఒక గొయ్యి కాలుతుండగా అందులో ఇంకాస్త విసరకూడదు. మొదటి గొయ్యి పూర్తిగా చల్లారేదాకా దాని జోలికి పోకుండా రెండోది వాడాలి. శబ్దం ఆగిపోయింది కదా అని ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. నిపుణుడు చెప్పిన సమయం గడిచాక, అతనే ముందు వెళ్తాడు. పేలకుండా మిగిలినవాటిని కాలితో తన్ని చూడడం, కర్రతో కెలకడం వద్దు. వాటిని తర్వాతి విడతలో అతనే కలుపుతాడు.

చుట్టూ కాపలా వలయం వేసి, ప్రతి వైపూ ఒక కానిస్టేబుల్‌కు బాధ్యత అప్పగించండి. పశువుల కాపరి పిల్లలు కాలిబాటల్లో వస్తారు, ఆ దారులు ముందురోజే నడిచి చూసుకోండి. 108 అంబులెన్స్ వెళ్లే దారి ఖాళీగా ఉండాలి, కాలిన గాయాలు చూసే ఆస్పత్రికి ముందే కబురు పెట్టి ఉండాలి. పొగ గాలివాటున పోయే ఊళ్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆశా కార్యకర్త ద్వారా ఆ పూట ఇంట్లోనే ఉండమని చెప్పించండి. వీడియో మళ్లీ మొదటి రోజులాగే దూరం నుంచి ఒక్కరే తీస్తారు. ప్రతి విడతలో వెళ్లిన పెట్టె నంబర్లు, బరువు అక్కడికక్కడే రిజిస్టరులో టిక్ పెట్టండి.

బూడిద

మంట ఆరాక గోతులను నీళ్లతో బాగా తడపండి, కానీ ఆ నీళ్లు పారి కాలువలో కలవకుండా ముందే చుట్టూ గట్టు వేసి ఉంచండి. మర్నాడు చల్లారాక నిపుణుడి సమక్షంలో బూడిద, కాలని ముక్కలు, పైన ఉన్న నల్లబడ్డ మట్టి ఎత్తి సంచుల్లో నింపాలి. అందులో లోహపు లవణాలు ఉంటాయి కాబట్టి దాన్ని పంచాయతీ చెత్త బండిలో వేయకూడదు, పొలానికి ఎరువుగా తోలకూడదు. ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి చెప్పినట్టు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపించండి. తర్వాత గోతులు పూడ్చి చుట్టుపక్కల నేలంతా వరుసగా నడుస్తూ వెతకండి. ఎగిరిపడిన ఒక్క గుండు పొదలో ఉండిపోయినా అది పిల్లల చేతికే దొరుకుతుంది. ఆ వెతుకులాట ఒకసారితో సరిపోదు. మొదటి వాన పడ్డాక మట్టి కొట్టుకుపోయి లోపలివి బయటపడతాయి, అప్పుడు ఇంకోసారి వెళ్లి చూడండి.

చివరి కాగితం నాశన ధ్రువపత్రం. స్వాధీనం చేసుకున్న బరువు, శాంపిళ్లకు పోయింది, నాశనమైంది, ఈ మూడు లెక్కలూ కలవాలి. కలవకపోతే ఎందుకో రాయాలి. నిపుణుడు, తహసీల్దార్, ఫైర్ అధికారి, మధ్యవర్తులు సంతకాలు చేయాలి. ఒక నకలు కోర్టుకు, ఒకటి కలెక్టర్‌కు, ఒకటి పెసోకు పంపి, అందినట్టు రసీదులు ఫైలులో పెట్టాక కేస్ ప్రాపర్టీ రిజిస్టరులో ఆ నంబరు కొట్టేయండి.